మెకాంగ్ పడవ ప్రయాణంలో వాట్ ఫూ కొండగుడికి రెండు గంటలు సరిపోతాయా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టుగా ఒకసారి చెప్పుకుంటాను. వచ్చే మాఘమాసంలో మీ దంపతులిద్దరూ, 68 ఏళ్ళ మీ అమ్మగారూ కలిసి దక్షిణ లావోస్‌లోని పాక్సే నుంచి మెకాంగ్ నది మీద మూడు రోజుల పడవ ప్రయాణం చేయబోతున్నారు. పడవవాళ్ళు పంపిన కార్యక్రమంలో మొదటి రోజు మధ్యాహ్నం ‘వాట్ ఫూ సందర్శన, రెండు గంటలు’ అని ఉంది. ఆ రెండు గంటలు సరిపోతాయా, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు ఆ మెట్లు ఎక్కగలరా, అసలది శివాలయమా బౌద్ధాలయమా, అక్కడ శాకాహారం దొరుకుతుందా అన్నవి మీ సందేహాలు. ఉద్యోగరీత్యా సరిహద్దుకు ఇవతల, థాయ్‌లాండ్‌లోని ఉబోన్ రచథానిలో కొన్నేళ్ళు ఉన్నాను కనుక ఆ కొండకు నాలుగుసార్లు వెళ్ళివచ్చాను. అందులో ఒకసారి మా అత్తగారిని కూడా తీసుకువెళ్ళాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

రెండు గంటలు చాలవు. అలాగని పడవ దిగి విడిగా ఒక రోజంతా ఖర్చు పెట్టనక్కరలేదు. పాక్సేకు ఒక రోజు ముందుగా చేరుకుని, అక్కడి నుంచి రోడ్డు మీద నదికి పడమటి గట్టు వెంబడి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న చంపాసక్ ఊరికి వెళ్ళి, ఆ రాత్రి నది ఒడ్డునే ఏదైనా చిన్న వసతిగృహంలో పడుకోండి. మర్నాడు పొద్దున్న గుడి తెరిచే వేళకు వెళితే మధ్యాహ్న భోజనానికల్లా తాపీగా దర్శనం ముగించుకోవచ్చు. మీ పడవ పాక్సేలో బయలుదేరి మధ్యాహ్నానికి ఎలాగూ చంపాసక్ రేవులోనే ఆగుతుంది కాబట్టి అక్కడే ఎక్కుతామని ముందుగా ఉత్తరం రాసి ఒప్పించుకోండి. టికెట్టు డబ్బులో పైసా తగ్గించరు గానీ, నాకు తెలిసినంతలో ఈ కోరికను ఎవరూ కాదనలేదు. మిగతా ప్రయాణికులు మధ్యాహ్నం ఎండలో కొండకు వెళ్ళే వేళకు అమ్మగారు పడవ పైఅంతస్తులో గాలికి కూర్చుని కాళ్ళు చాపుకోవచ్చు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం నా మొదటి ప్రయాణమే. అప్పుడు నేనూ పడవవాళ్ళ లెక్కనే నమ్ముకున్నాను. రెండు గంటలని రాసిన దానిలో అరగంట వ్యానుకూ, పావుగంట టికెట్ల దగ్గరా పోయింది. ఒంటిగంట ఎండలో నీడలేని రాతిబాట మీద నడిచి, సగం మెట్లెక్కేసరికి గైడు గడియారం చూపించాడు. ఆపసోపాలు పడుతూ పైకి చేరి, గర్భాలయంలోకి తొంగిచూసి, వెనకనున్న ఊట దగ్గరకు వెళ్ళకుండానే దిగిపోయాను. ఆ నీటిని చూడకుండా వాట్ ఫూ చూశాననడం మహానంది వెళ్ళి కోనేరు చూడకుండా వచ్చానని చెప్పడం లాంటిదని రెండోసారి వెళ్ళినప్పుడు గాని నాకు తెలియలేదు.

‘వాట్’ అంటే గుడి, ‘ఫూ’ అంటే కొండ. కొండ పేరు ఫూ కావ్. ఎత్తు దాదాపు 1,400 మీటర్లు. దాని శిఖరాన సహజంగా ఏర్పడిన ఒక రాతి స్తంభం దూరం నుంచి చూస్తే లింగంలా కనిపిస్తుంది. అందుకే పూర్వులు దాన్ని లింగపర్వతం అన్నారు. మనవాళ్ళు శ్రీశైలంలో శిఖర దర్శనం చేసుకున్నట్టే ఇక్కడా కొండకొనను దూరం నుంచి చూడడం ఒక ముచ్చట. దానికి కొండ ఎక్కనక్కరలేదు. చంపాసక్‌లో పడవ ఎక్కాక, అది దక్షిణానికి కదిలేటప్పుడు కుడివైపున, వెనక భాగంలో కూర్చోండి. పడమటి కొండల వరుసలో ఒక్కచోట మాత్రం గీత తెగి, పైన చిన్న మొటిమలాంటిది నిలబడి ఉంటుంది. సాయంత్రం సూర్యుడు దాని వెనక్కి దిగేటప్పుడు అది ఇంకా స్పష్టంగా తేలుతుంది. ఒకప్పుడు ఈ కొండకూ నదికీ మధ్యనున్న మైదానంలో, నది ఒడ్డున శ్రేష్ఠపురం అనే నగరం ఉండేది. 2.3 కిలోమీటర్ల పొడవు, 1.8 కిలోమీటర్ల వెడల్పున మట్టికోట గోడలతో ఉన్న ఆ నగరంలో కొంత భాగాన్ని మెకాంగ్ కోసుకుపోయింది. మిగిలిన దాని మీద ఇప్పుడు పల్లెలు, పొలాలు ఉన్నాయి. ఆ ప్రాంతంలోనే దొరికిన దేవానీకుడనే రాజు సంస్కృత శాసనం 5వ శతాబ్దం నాటిది. తాను ఏర్పరచిన తీర్థానికి ఆయన పెట్టిన పేరు కురుక్షేత్రం. లావోస్‌లో వరిపొలాల మధ్య నిలబడి ఆ మాట విన్నప్పుడు నాకు కొంచెంసేపు నోట మాట రాలేదు.

ఇది శివాలయమా, బౌద్ధాలయమా అన్నదానికి వస్తాను. కట్టినప్పుడు శివాలయం. ఇక్కడి శివుడి పేరు భద్రేశ్వరుడు. ఇప్పుడు కనిపించే కట్టడాల్లో ఎక్కువ భాగం 11వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం వరకు కంబోడియాను ఏలిన ఖ్మేర్ రాజుల కాలంలో కట్టినవి. ప్రధాన గర్భాలయం 11వ శతాబ్దం ఉత్తరార్ధానిది. కంబోడియాలోని అంగ్‌కోర్ వాళ్ళ రాజధానిగా ఉన్న రోజుల్లో ఇక్కడి నుంచి అక్కడికి నేరుగా ఒక రాజమార్గం ఉండేది. తర్వాతి కాలంలో ఈ ప్రాంతమంతా థేరవాద బౌద్ధంలోకి మారింది. గుడిని ఎవరూ కూల్చలేదు. లింగం ఉండే చోటు ఖాళీ అయింది, దాని ముందరి గదిలో బుద్ధ విగ్రహాలు వెలిశాయి, పూజ మాత్రం ఆగలేదు. ఈ రోజుకీ అది పురావస్తుశాఖ కాపలా కాసే శిథిలం మాత్రమే కాదు, ఊరివాళ్ళు మొక్కులు తీర్చుకునే గుడి. ఉత్తర దిక్కున ఉన్న పెద్ద కట్టడాన్ని నిలబెట్టే పని మన భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ చేపట్టింది. 2001లో ఈ గుడినీ, చుట్టూ ఉన్న పాత ఊళ్ళ ఆనవాళ్ళనూ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అమ్మగారు ‘శివా’ అని దణ్ణం పెట్టుకున్నా, ‘బుద్ధం శరణం’ అన్నా ఎవరూ వింతగా చూడరు. రెండు చేతులూ జోడించడాన్ని వాళ్ళు ‘నోప్’ అంటారు. అది అచ్చం మన నమస్కారమే.

ఇక నడక సంగతి. గుడి మొత్తం తూర్పు పడమరలుగా ఒకే ఇరుసు మీద దాదాపు 1.4 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. కింద చెరువులతో మొదలై, మెట్టు మెట్టుగా లేచి, కొండచరియ కింద నీటి ఊట దగ్గర ముగుస్తుంది. ముఖం తూర్పుకే గానీ, నదివైపు వాలిన నేల తీరును బట్టి 8 డిగ్రీలు దక్షిణానికి ఒరిగి ఉంటుంది. అంటే కట్టినవాళ్ళు దిక్సూచి కంటే కొండకూ నదికీ ఎక్కువ మర్యాద ఇచ్చారన్నమాట. టికెట్టు తీసుకున్నాక ఎదురయ్యే చిన్న మ్యూజియాన్ని తిరిగి వచ్చేటప్పుడు చూడండి, ముందు చూస్తే చల్లటి పొద్దు వృథా అవుతుంది. అక్కడి నుంచి చెరువు గట్టు వెంట బ్యాటరీ బండి ఉంటుంది. అమ్మగారిని అందులో కూర్చోబెట్టండి.

బండి దిగిన చోట రాతిబాట మొదలవుతుంది. దానికి రెండు వైపులా తామరమొగ్గల్లా చెక్కిన రాతి స్తంభాలు వరుసగా నిలబడి ఉంటాయి. బాట చివర కుడి ఎడమల ఒకే పోలికతో ఉన్న రెండు పెద్ద కట్టడాలను గైడ్లు మగవాళ్ళ మహల్, ఆడవాళ్ళ మహల్ అంటారు. ఆ పేర్లకు ఆధారం లేదు. వాటి తలుపుల పైదూలాల మీద చెక్కిన బొమ్మలను మాత్రం నింపాదిగా చూడవలసిందే. ఇంకాస్త ముందుకెళితే ఎడమవైపు నంది మండపం. పాత రాజమార్గం అంగ్‌కోర్ వైపు బయలుదేరేది ఇక్కడి నుంచే.

ఇంతవరకూ దాదాపు చదునైన దారే. ఆపైన అసలు ఎక్కుడు మొదలవుతుంది. మొదటి మెట్ల వరుస దాటాక ఒక చెట్టు కింద, పసుపుపచ్చ వస్త్రం చుట్టి, ఒక చెయ్యి గుండెలమీద ఆన్చుకుని నిలబడిన రాతి విగ్రహం ఉంటుంది. పురాతత్వవేత్తలకు అది ద్వారపాలకుడు. ఊరివాళ్ళకు మాత్రం ఈ గుడి కట్టించిన ఫయా కమ్మథ రాజు. దాని ముందు ఎప్పుడూ నాలుగు కొవ్వొత్తులు, అగరొత్తులు వెలుగుతూనే ఉంటాయి. పక్కనే కూర్చున్న ఆడవాళ్ళు అమ్మే వస్తువును చూడగానే మా అత్తగారు ‘ఇది మన పెళ్ళివారి వడ్డన సామానులా ఉందే’ అన్నారు. అరటాకును సన్నగా చీల్చి, మడతలు మడిచి, గోపురంలా పేర్చి, కొనలకు బంతిపూలు గుచ్చిన ఆ పూలగోపురాన్ని ‘మాక్ బెంగ్’ అంటారు. చూస్తుండగానే ఒకావిడ మా కళ్ళ ముందే ఒకటి కట్టింది. ఆకును ఒడిలో పెట్టుకుని, బొటనవేలి గోటితో ఈనె నుంచి ఒలిచి, త్రికోణంగా చుట్టి, చిన్న వెదురుపుల్లతో కుట్టి, ఒక్కొక్క మడతనూ కింది మడతలోకి దోపుతూ పోయింది. అరచేతిలో ఇమిడేంత గోపురం తయారవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఒకటి కొని పైకి తీసుకువెళ్ళండి. ఖర్చు స్వల్పం, పైన చేతులు ఊపుకుంటూ నిలబడకుండా ఉంటుంది.

విగ్రహం దగ్గరి నుంచి ఇరుకైన నిటారు మెట్ల దారి మొదలవుతుంది. మెట్లకు రెండు వైపులా ముసలి దేవగన్నేరు చెట్లు. లావోస్ వాళ్ళు చంపా అనే ఈ పువ్వు వాళ్ళ జాతీయ పుష్పం. మాఘంలో ఆకులన్నీ రాలి, బోడి కొమ్మల కొసల్లో తెల్లటి పూలు మాత్రమే ఉంటాయి. మెట్ల మీద రాలిన పూలు చూడడానికి ఎంత బాగుంటాయో, కాలికింద పడితే అంత ప్రమాదం. లాటరైట్ అనే తుప్పురంగు రాతితో వేసిన ఆ మెట్లు వేర్ల ఒత్తిడికి ఒరిగిపోయి, ఒకటి జానెడు ఎత్తు, దాని పైది మోకాలెత్తు ఉంటాయి. పట్టుకోవడానికి కమ్మీ లేదు. మూడోసారి వెళ్ళినప్పుడు తెల్లవారుజామున వాన పడింది. దిగేటప్పుడు నా తోలు చెప్పు తడిసిన పువ్వు మీద పడి, నాలుగు మెట్లు కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే జారాను. దెబ్బ పెద్దది కాదు గానీ, ఆ తర్వాత అడుగున గట్లున్న బూట్లు లేకుండా ఎవరినీ అక్కడికి వెళ్ళమనలేదు.

ఆ దారి చివర ఒక విశాలమైన అరుగు, దాని మీద కూలిపోయిన ఆరు ఇటుక గుళ్ళ గుట్టలు ఉంటాయి. అక్కడి నుంచి ఏడు అంతరువుల ఇసుకరాతి మెట్లు ఎక్కితే గర్భాలయం. గుడి రెండు భాగాలు. ముందరిది ఇసుకరాతితో, వెనకది ఇటుకతో కట్టినవి. ముందరి గదిలో నాలుగు బుద్ధ విగ్రహాలు, వాటి ముందు మాక్ బెంగ్‌లు, కొవ్వొత్తులు. బయటి గోడల మీద ద్వారపాలకులూ, సన్నని నడుముల దేవతా స్త్రీలూ. తలుపుల పైదూలాల మీద ఐరావతం ఎక్కిన ఇంద్రుడు, గరుడుని మీద విష్ణువు, కంసుణ్ణి చీల్చే కృష్ణుడు. మన పిల్లలకు పురాణాలు ఎంత వచ్చో పరీక్ష పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. గుడి వెనక బండ మీద బ్రహ్మ విష్ణు మహేశ్వరులను ఒక్కచోట చెక్కిన బొమ్మ ఉంది. గైడు చెప్పకపోతే అడిగి మరీ చూడండి.

వెనక ఇటుక గది ఇప్పుడు ఖాళీ. లింగం ఉండేది అక్కడే. నైరుతిలో 60 మీటర్ల దూరాన కొండచరియ ఒక పెద్ద గొడుగులా ముందుకు వంగి ఉంటుంది. దాని కింద నుంచి నీరు చుక్కచుక్కగా ఊరుతుంది. ఆ నీటిని రాతి కాలువల మీదుగా ఈ గదిలోకి మళ్ళించి, లింగం మీద రాత్రింబవళ్ళు ధార పడేలా అమర్చారు. మన శివాలయాల్లో లింగం పైన ధారాపాత్ర వేలాడదీస్తామే, ఇక్కడ కొండనే ధారాపాత్రగా చేశారు. కింద రెండు పెద్ద చెరువులు, ఇంత పొడవు బాట, ఏడు అంతరువులు, ఇవన్నీ ఈ చిన్న ఊట కోసం పుట్టినవే. గుడి ఇక్కడ ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు శిల్పాల్లో లేదు, ఈ చరియ కింద ఉంది.

ఇప్పుడా నీరు ఒక చిన్న గొట్టం గుండా సిమెంటు తొట్టిలోకి పడుతుంటుంది. ఊరివాళ్ళు తలమీద చల్లుకుంటారు, సీసాల్లో పట్టుకుపోతారు. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ చరియ కింద దాదాపు గంటసేపు కూర్చున్నాను. బయట ఎండ మండిపోతున్నా రాతి కింద మన పాత మండువా ఇంట్లో ఉన్నంత చల్లగా ఉంది. ఒక ముసలాయన వచ్చి, చెప్పులు దూరంగా విడిచి, ముంతతో నీళ్ళు పట్టి, ముందు నేలమీద కొంచెం పోసి, తర్వాత మనవడి నెత్తిన పోసి, చివరికి తాను తాగాడు. నాకూ ముంత అందించాడు. తాగాను, నాకేమీ కాలేదు. అయినా అమ్మగారికి తాగించమని నేను చెప్పను. తలమీద చల్లుకోవడం చాలు.

పైకి వెళ్ళినవాళ్ళలో చాలామంది చూడకుండా దిగిపోయేవి ఇంకో రెండున్నాయి. గర్భాలయానికి ఉత్తరంగా, చెట్ల మధ్య దారిలో ఒక బండ మీద ఏనుగు ముఖం చెక్కి ఉంటుంది. ఇంకాస్త అవతల ఒక రాతిలో మొసలి ఆకారాన్ని లోతుగా తొలిచారు. నరబలులు అక్కడే ఇచ్చేవారని గైడ్లు గొంతు తగ్గించి చెబుతారు. సూయి వంశపు చైనా గ్రంథంలో లింగపర్వతం మీది గుడిలో నరబలి ఉండేదని రాసిన మాట నిజమే గాని, దాన్ని ఈ మొసలి రాయికి ముడిపెట్టడం ఊహే. అక్కడి నుంచి బాట దాటి అడవిలోకి మాత్రం వెళ్ళకండి. 1964 నుంచి 1973 వరకు ఈ దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు పడ్డాయి. పేలకుండా నేలలో మిగిలిపోయినవి ఇప్పటికీ బయటపడుతున్నాయి. నలుగురు నడిచిన దారిలోనే నడవడం ఈ దేశంలో ఎక్కడైనా మంచి అలవాటు.

అమ్మగారి విషయానికి వస్తే, ఆవిడ శక్తిని బట్టి మూడు మజిలీలుగా ఆలోచించండి. బ్యాటరీ బండి, రాతిబాట, రెండు మహళ్ళు, నంది మండపం, ఇంతవరకూ చేతికర్రతో నడవగలిగిన వారెవరైనా వెళ్ళవచ్చు. ఫయా కమ్మథ విగ్రహం దాకా ఒకరు చెయ్యి పట్టుకుంటే వెళ్ళవచ్చు. అక్కడ నీడ ఉంది, కూర్చోవడానికి చోటుంది, పువ్వులమ్మే వాళ్ళ కబుర్లున్నాయి. ఆపై నిటారు మెట్లు మాత్రం మోకాళ్ళకు నిజమైన పరీక్ష. మా అత్తగారు 70 ఏళ్ళ వయసులో విగ్రహం దగ్గరే ఆగిపోయి, మాక్ బెంగ్ అమ్మే ఆవిడ పక్కన కూర్చుని, భాష రాకుండానే ఆవిడ దగ్గర ఆకు మడతలు నేర్చుకున్నారు. మేము పైనుంచి వచ్చేసరికి వంకరటింకరగా ఒక గోపురం కట్టి మాకు చూపించారు. పైకి తీసుకువెళ్ళాలనే పట్టుదలతో ఆవిడను సగం దారిలో కూర్చోబెట్టి ఉంటే ఆ రోజంతా పాడయ్యేది. ఎక్కడం కంటే దిగడమే కష్టమన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. ఎక్కుతారా లేదా అన్నది విగ్రహం దగ్గర ఆవిడనే నిర్ణయించుకోనివ్వండి.

పొద్దున్నే వెళ్ళమనడానికి వెలుగు కూడా ఒక కారణం. గుడి ముఖం తూర్పుకు కాబట్టి ఉదయపు ఎండలో శిల్పాలు బాగా తేలతాయి. ఎక్కేటప్పుడు ఎండ వీపు మీద పడుతుంది గాని, పదిలోపు అది ఓర్చుకోదగ్గదే. సాయంత్రం నాలుగు దాటితే కొండనీడ గుడి మీద పడి చల్లబడుతుంది. నడక సుఖంగా ఉంటుంది, ఫొటోలు మాత్రం మసకబారతాయి. పడవవాళ్ళు తీసుకెళ్ళే ఒంటిగంట నుంచి మూడింటి సమయం ఈ రెంటికీ చెడినది.

బట్టల విషయంలో మన గుళ్ళకు వెళ్ళినట్టే వెళితే చాలు. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. గర్భాలయం గడప దగ్గర చెప్పులు విడవాలి. కూర్చున్నప్పుడు కాళ్ళు బుద్ధుడి వైపు చాపకూడదు. ముద్దొచ్చినా సరే పిల్లల తల మీద చెయ్యి వేసి నిమరడం వాళ్ళకు నచ్చదు. భిక్షువులకు ఆడవాళ్ళు ఏదైనా ఇవ్వాలంటే చేతికి అందించకుండా ముందు పెట్టాలి. ఇంతకుమించి నియమాలేమీ లేవు. కొబ్బరికాయ మాత్రం కొట్టకండి, అక్కడ ఆ ఆచారం లేదు.

పొద్దున్న గుడి త్వరగా ముగిసి, ఓపిక ఉంటే, అక్కడికి దక్షిణంగా కిలోమీటరు దూరంలో పాత రాజమార్గం మీదున్న హోంగ్ నాంగ్ సీడాకు టుక్‌టుక్‌లో వెళ్ళిరండి. ఆ పేరుకు అర్థం సీతమ్మ మండపం. రామాయణాన్ని లావోస్ వాళ్ళు ‘ఫ్రా లాక్ ఫ్రా లామ్’ అంటారు. లక్ష్మణుడి పేరు ముందు, రాముడి పేరు తర్వాత. అక్కడ కూలిన రాళ్ళే తప్ప సీతకు సంబంధించిన శిల్పమేదీ లేదు, పేరు ఊరివాళ్ళు పెట్టుకున్నది. పడవ మర్నాడు ఆగే తూర్పు గట్టు అడవిలోని తోమో గుడి కూడా అంతే, చిన్నది, ప్రశాంతమైనది. 9వ శతాబ్దం చివర ఖ్మేర్ రాజు యశోవర్మ కాలంలో రుద్రాణికి కట్టినది. కొండకు వెళ్ళివచ్చినవారికి అది కొసరు. పాక్సేలో ఖాళీ దొరికితే మాత్రం వంతెన అవతలి ఫూ సాలావ్ గుట్ట మీది బంగారు రంగు పెద్ద బుద్ధుడి దగ్గరకు సాయంత్రం వెళ్ళండి. శిల్పం కొత్తదే, చెప్పుకోదగ్గదేమీ కాదు. మెకాంగ్ వంపు, ఊరు, వంతెన ఒక్క చూపులో కనిపించే చోటు మాత్రం అదే. కారు పైదాకా వెళుతుంది కాబట్టి అమ్మగారికీ ఇబ్బంది లేదు.

అక్కడి నుంచి కంబోడియాలోకి పడవ మీదే వెళ్ళవచ్చా అని చివర్లో అడిగారు. వెళ్ళలేరు. దిగువన నది సీ ఫాన్ డోన్ దగ్గర, అంటే నాలుగు వేల ద్వీపాల దగ్గర పాయలుగా చీలి ఖోన్ జలపాతాల మీదుగా దూకుతుంది. ఏ పడవా దాన్ని దాటలేదు. ఫ్రెంచివాళ్ళు 19వ శతాబ్దం చివర అక్కడి ద్వీపాల మీద చిన్న రైలుమార్గం వేసి పడవలను దాని మీద మోసుకుపోవలసి వచ్చింది. ఆ రైలింజను తుప్పు ముద్ద ఇప్పటికీ డోన్ ఖోన్ ద్వీపంలో ఉంది. మీ ప్రయాణం మూడో రోజు అక్కడే ముగుస్తుంది.

భోజనం విషయంలో పడవలో బెంగ లేదు, వారం ముందు రాస్తే శాకాహారం వండిపెడతారు. చంపాసక్ ఊళ్ళో మాత్రం కూరగాయల వంటకంలో కూడా చేప రసం, ‘పదేక్’ అనే ఊరవేసిన చేప పడతాయి. ‘బో సై నామ్ పా, బో సై పదేక్’ అని కాగితం మీద లావో లిపిలో వసతిగృహం వాళ్ళ చేత రాయించుకుని చూపించండి. ‘చేప రసం వెయ్యవద్దు, పదేక్ వెయ్యవద్దు’ అని దాని అర్థం. ‘ఖావ్ నియావ్’ అనే జిగురన్నం వెదురుబుట్టలో వేడిగా వస్తుంది. దానితో మన కందిపొడి, ఒక చెంచా నెయ్యి ఉంటే ఇంకేమీ అక్కరలేదు. పొడి సీసా ఒకటి తప్పకుండా సర్దుకోండి.

దారి విషయంలో ఒక జాగ్రత్త. హైదరాబాదు నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి ఉబోన్‌కు విమానం, ఉబోన్ నుంచి రోడ్డు మీద చోంగ్ మెక్ సరిహద్దు దాటి పాక్సే, ఇదే అందరికీ అనువైన దారి. అయితే తిరుగు ప్రయాణంలో మళ్ళీ థాయ్‌లాండ్‌లో అడుగుపెట్టాలి కాబట్టి ఒక్కసారి ప్రవేశానికే చెల్లే వీసా సరిపోదు. టికెట్లు కొనే ముందే రెండు దేశాల వీసా నిబంధనలు ఆ నెలలో ఎలా ఉన్నాయో చూసుకోండి, అవి మారుతూ ఉంటాయి. లావోస్ ఈ-వీసా తీసుకునేవారు ఆ సరిహద్దు దగ్గర అది చెల్లుతుందో లేదో కూడా ముందే సరిచూసుకోవాలి.

మాఘమాసం అన్నారు కనుక పండగ సంగతి చెప్పాలి. వాళ్ళ మూడో చాంద్రమాసపు పౌర్ణమి నాడు, అంటే సాధారణంగా మన మాఘ పౌర్ణమి రోజుల్లోనే, వాట్ ఫూలో మూడు రోజుల జాతర జరుగుతుంది. అధికమాసం లెక్కలు వేరు కాబట్టి కొన్నేళ్ళు నెల తేడా వస్తుంది. తెల్లవారగానే బారులు తీరిన భిక్షువులకు జిగురన్నం పెట్టే వరసలూ, రాత్రి కొవ్వొత్తులతో మెట్ల మీదుగా సాగే జనమూ చూడదగ్గవి. కానీ ఆ రోజు ఆ ఇరుకు మెట్ల మీద తోపులాట ఉంటుంది, వసతి దొరకదు, రేవులో పడవకు చోటు దొరకడమూ కష్టమే. మీ ఇద్దరే అయితే పండగకే వెళ్ళమనేవాణ్ణి. అమ్మగారు ఉన్నారు కనుక పౌర్ణమి దాటిన మూడు నాలుగు రోజులకు పెట్టుకోండి. అప్పటికి అరుగుల మీద వాడిన మాక్ బెంగ్‌ల గుట్టలు ఇంకా ఉంటాయి, జనం ఉండరు.

ఊట నీళ్ళు ఇంటికి తెచ్చుకోవచ్చా అని అమ్మగారు అడిగారన్నారు. తెచ్చుకోవచ్చు, అక్కడ ఎవరూ వద్దనరు. చిన్న సీసా, గట్టి మూతది, ఇంటి నుంచే తీసుకువెళ్ళండి. పైన అమ్మే నీళ్ళసీసాల మూతలు కారతాయి. దాన్ని చేతిసంచిలో కాక పెట్టెలో బట్టల మధ్య పెట్టి చెక్-ఇన్‌లో వేయండి. లేకపోతే బ్యాంకాక్ తనిఖీలో తీసి పక్కన పడేస్తారు. మా అత్తగారి సీసా అలాగే పోయింది.